శోకం అభక్తి కాదు



మృత్యువు ప్రవేశించిన గృహానికి మూడవనాటి నుండి పరామర్శకుల రాక అధికమవుతుంది. ఇరవై నాలుగేళ్ల కుమారుణ్ణి రహదారి ప్రమాదంలో కోల్పోయిన ఒక మాతృమూర్తి ఇంటికీ అలాగే ఎందరో వచ్చారు. వారిలో నలుగురు నాలుగు మాటలు చెప్పి వెళ్లారు.

మొదటివారు, "ఏ జన్మలో ఏ పాపం చేశావో తల్లీ, అనుభవించక తప్పదు" అన్నారు. రెండవవారు, "ఆత్మకు చావు లేదని గీత చెప్పలేదా? ఇన్నేళ్లు పారాయణ చేసి ఈ ఏడుపేమిటి?" అన్నారు. మూడవవారు, "నీవిలా కన్నీరు పెడుతూ ఉంటే పిల్లవాడికి ఉత్తమగతి కలగదు" అని హెచ్చరించారు. నాలుగవవారు స్వరం తగ్గించి, "వంశంలో ఏదో దోషం ఉన్నది, లేకపోతే ఈ వయసులో ఇలా జరగదు. తగిన శాంతి జరిపించండి, ఆలస్యం చేస్తే రెండవవాడికీ ప్రమాదం" అన్నారు.

ఆ పన్నెండు రోజులూ ప్రక్కింటి వృద్ధురాలు పూటపూటా అన్నపు గిన్నె తెచ్చి గట్టుమీద పెట్టి, ఆ తల్లి ప్రక్కన కొంతసేపు కూర్చుని, ఇంటికి వెళ్లి స్నానం చేసేది. ఆమె ఒక్క ధర్మవాక్యం కూడా పలకలేదు.

శుభస్వీకారం ముగిసింది. తరువాత ఆ తల్లి దేవుని గదిలో దీపం వెలిగించలేదు. వారం గడిచింది, మాసం గడిచింది. "కష్టం వచ్చేసరికి భక్తి నిలవలేదు, చూశారా!" అని ఊరు అనుకున్నది.

నిలవనిది ఎవరి భక్తి? ఆ దీపాన్ని ఆర్పింది ఆమె శోకమా, లేక శాస్త్రం పేరు చెప్పి ఆమె చెవిలో పోసిన ఆ నాలుగు వాక్యాలా? ఈ ప్రశ్నను తప్పించుకోవడానికి వీలు లేదు. ఎందుకంటే ఆ నాలుగు వాక్యాలూ ఒక్క ఇంటివి కావు. ప్రతి ఊరిలోనూ, ప్రతి మరణగృహంలోనూ ధర్మబోధ అనే గౌరవంతో అవే వినబడుతున్నాయి. అవి ధర్మబోధ కావనీ, శాస్త్రానికే అపచారమనీ నిరూపించడం అవసరం.

కర్మసిద్ధాంతం ఎవరి నోట పలకాలి?

కర్మ ఉన్నది, కర్మఫలం ఉన్నది. ఆస్తికుడైనవాడు దీనిని కాదనడు. అయితే ఏ కర్మకు ఏది ఫలమో నిర్ణయించగల దృష్టి ఎవరికున్నది? కర్మమార్గం దురవగాహమని గీత నాల్గవ అధ్యాయంలో సాక్షాత్తు భగవానుడే అన్నాడు. కర్మ ఏది, అకర్మ ఏది అన్న విషయంలో క్రాంతదర్శులు సైతం మోహపడతారని చెప్పాడు. క్రాంతదర్శులకు తెలియనిది, మజ్జిగ తాగి వెళదామని వచ్చిన బంధువుకు తెలిసిందా?

భాగవత ప్రథమస్కంధంలో కుంతీదేవి ప్రార్థన ప్రసిద్ధం. శ్రీకృష్ణుడు ద్వారకకు ప్రయాణమవుతున్న వేళ ఆమె, తమకు మళ్లీ మళ్లీ ఆపదలు కలగాలనీ, ఆపదలోనే కదా ఆయన దర్శనం లభించిందనీ విన్నవించుకున్నది. విషాన్నం, లాక్షాగృహం, అరణ్యవాసం, మహాయుద్ధం, మనుమడైన అభిమన్యుని మరణం, వీటన్నిటినీ దాటివచ్చిన స్త్రీ పలికిన మాట అది. అందుకే అది భక్తిపరాకాష్ఠ అయింది. అదే మాటను హస్తినాపురంలో ఎవరైనా ఆమె ఇంటికి వచ్చి, "నీకు ఇంకా ఆపదలు రావాలి, అప్పుడే దేవుడు కనబడతాడు" అని పలికి ఉంటే దానిని భక్తి అనేవారమా?

కర్మసిద్ధాంతం కూడా ఇటువంటిదే. దానిని ఉత్తమపురుషలో చెప్పుకోవాలి. "ఇది నా కర్మ, దీనిని భరిస్తాను, ఇకపై సత్కర్మ చేస్తాను" అని దుఃఖితుడు తనకు తాను చెప్పుకుంటే అది వివేకం, ఓర్పుకు మూలం. మధ్యమపురుషలో, "ఇది నీ కర్మ" అని ఎదుటివానికి చెబితే అది శాపం. సిద్ధాంతం ఒక్కటే, పలికిన నోరు మారితే ఔషధం విషమవుతుంది. బిడ్డను పోగొట్టుకున్న తల్లితో "నీ పాపమే నీ బిడ్డను చంపింది" అనడానికి శాస్త్రం ఎవరికీ అధికారమివ్వలేదు.

గీతను ఎప్పుడు చెప్పాడు, ఎప్పుడు చెప్పలేదు?

శోకింపదగనివారి కోసం శోకిస్తున్నావని భగవానుడు అర్జునునితో అన్న మాట సత్యమే. ఆ మాట పుట్టిన సందర్భం ఏమిటి? యుద్ధం ఇంకా ఆరంభం కాలేదు. ఎవరూ మరణించలేదు. మరణించబోతారన్న ఊహతో అర్జునుడు స్వధర్మం నుండి వైదొలగడానికి సిద్ధపడ్డాడు. ఆ కర్తవ్యమోహానికి చికిత్సగా గీత అవతరించింది. అయినా ఆ అర్జునుని దుఃఖాన్ని సంప్రదాయం తృణీకరించలేదు. ప్రథమాధ్యాయానికి విషాదయోగమని పేరు పెట్టింది. విషాదాన్ని యోగంగా లెక్కించిన గ్రంథాన్ని చేతబట్టుకుని, విషాదంలో ఉన్నవారిని కొట్టడం ఎంత విపరీతం!

యుద్ధంలో పదమూడవ నాటి సాయంకాలం అభిమన్యుడు మరణించాడు. సంశప్తకులతో పోరాడి శిబిరానికి తిరిగి వచ్చిన అర్జునుడు విషయం తెలిసి విలపించాడు. గీతను స్వయంగా విన్నవాడు, విశ్వరూపాన్ని కన్నవాడు, కుమారుని కోసం ఏడ్చాడు. ఎదురుగా గీతాచార్యుడే ఉన్నాడు. "పదమూడు రోజుల క్రిందట ఏం చెప్పాను, అప్పుడే మరచితివా?" అని గద్దించలేదు. అతణ్ణి పట్టుకున్నాడు. శోకించవద్దన్నాడు, నిజమే. కానీ తప్పుచేసినవాణ్ణి మందలించినట్లు అనలేదు. వెనుదిరగని శూరుల మార్గమిదేనని చెప్పి, నీ దుఃఖం చూసి సోదరులు దీనులై ఉన్నారు, నీవే వారిని ఓదార్చాలన్నాడు. తరువాత పుత్రశోకంలో ఉన్న సుభద్రను తానే వెళ్లి ఓదార్చాడు. ద్రోణపర్వం చెబుతున్న ఈ ఘట్టం కూడా గీతలోని శ్లోకాల వలెనే కృష్ణబోధ. దీనిని విడిచి శ్లోకాన్ని మాత్రమే పట్టుకున్నవారు గీతను కంఠస్థం చేశారు, గీతాచార్యుణ్ణి చూడలేదు.

"జ్ఞాని శోకించడు కదా" అని మరొక ఆక్షేపం. రఘువంశ కులగురువు, యోగవాసిష్ఠంలో శ్రీరామునికి జ్ఞానోపదేశం చేసినవాడు, బ్రహ్మర్షి వసిష్ఠుని కంటె జ్ఞాని ఎవరు? ఆయన నూరుగురు కుమారులూ రాక్షసావిష్టుడైన కల్మాషపాదునికి ఆహారమయ్యారు. అప్పుడు ఆ బ్రహ్మర్షి ఏం చేశాడో మహాభారత ఆదిపర్వం ఏమీ దాచకుండా చెప్పింది. మేరుశిఖరం నుండి దూకాడు. అగ్నిలో ప్రవేశించాడు. కంఠానికి శిల కట్టుకుని సముద్రంలో పడ్డాడు. పాశాలతో తన్ను తాను బంధించుకుని నదిలో దూకగా ఆ నది పాశాలను విప్పి ఒడ్డున చేర్చింది. అందుకే దానికి విపాశ అని పేరు వచ్చింది. మరొక నదిలో పడబోగా అది నూరు పాయలై పారిపోయి శతద్రువు అయింది. ఆ రెండు నదులూ నేటికీ పంజాబు భూముల్లో బియాస్, సట్లెజ్ అనే పేర్లతో ప్రవహిస్తున్నాయి. ఒక తండ్రి పుత్రశోకాన్ని రెండు నదుల పేర్లలో భద్రపరచిన సంప్రదాయం ఇది. ఈ సంప్రదాయానికి వారసులమని చెప్పుకుంటూ, ఏడ్చే తల్లిని అజ్ఞానురాలు అనడమా?

వసిష్ఠుణ్ణి నిలిపినది ఏమిటో కూడా ఆదిపర్వమే చెప్పింది. ఉపదేశం కాదు, శాస్త్రచర్చ కాదు. నిరాశతో నడుస్తుంటే వెనుక నుండి షడంగయుక్తమైన వేదఘోష వినబడింది. ఎవరది అని అడిగాడు. వెంట నడుస్తున్న కోడలు అదృశ్యంతి, తన గర్భంలోని శిశువు వేదం వల్లిస్తున్నాడని చెప్పింది. మరణించిన పెద్దకుమారుడు శక్తి సంతానం అది. తన సంతతి ఇంకా ఉన్నదని తెలిసి ఆ మహర్షి మృత్యుసంకల్పాన్ని విడిచి ఆశ్రమం వైపు మరలాడు. ఆ శిశువే పరాశరుడు. పరాశరుని కుమారుడు వ్యాసుడు. నాడు వసిష్ఠుడు వెనుదిరగకపోతే ఈ కథను చెప్పేవారే లేరు.

కన్నీటిని నిషేధించిన స్మృతి ఏమి విధించింది?

మూడవ వాక్యానికి ఆధారం లేకపోలేదు. బంధువులు విడిచే కన్నీటినీ శ్లేష్మాన్నీ ప్రేతజీవుడు వివశుడై అనుభవించవలసి వస్తుందనీ, కనుక రోదించరాదనీ యాజ్ఞవల్క్యస్మృతి ప్రాయశ్చిత్తాధ్యాయంలో ఉన్నది. పరామర్శకులు సరిగ్గా ఇంతవరకే చదివి పుస్తకం మూస్తారు. వాక్యం అక్కడ ముగియలేదు. రోదించక, యథాశక్తిగా క్రియలు జరపాలని దాని ఉత్తరభాగం. శోకంతో కూలిపోయినవాణ్ణి లేపి, చేయవలసిన కార్యం వైపు మరల్చడమే అక్కడి తాత్పర్యం. ఏడ్చినవారికి పాపం అంటగట్టడం కాదు.

ఆ మాట ఎక్కడ, ఎలా చెప్పాలో కూడా మహర్షి అక్కడే నిర్దేశించాడు. దహనానంతరం ఉదకదానం చేసి, స్నానమాడి, నీటి నుండి బయటికి వచ్చినవారిని మెత్తని పచ్చికపై కూర్చుండబెట్టాలి. పెద్దలు ప్రాచీనమైన ఇతిహాసాలు చెప్పి వారి శోకాన్ని తొలగించాలి. అటుపిమ్మట పసిపిల్లలను ముందు నడిపించుకుంటూ ఇంటికి మరలాలి. వాకిట వేపాకు నమిలి, ఆచమించి, అగ్నినీ జలాన్నీ గోమయాన్నీ తెల్ల ఆవాలనూ స్పృశించి, రాతిపై అడుగు మోపి, మెల్లగా లోపలికి ప్రవేశించాలి. ఆ దినాలలో కొన్న అన్నమో, ఇతరులిచ్చిన అన్నమో తినాలి.

ఇందులో ప్రతి పదమూ దయతో తడిసి ఉన్నది. కూర్చోవడానికి పచ్చిక మెత్తగా ఉండాలట. నడకలో పిల్లలు ముందుండాలట. శోకించేవాని కన్నులకు శ్మశానం కాక శైశవం కనబడాలి. ఆశ్రమానికి మరలిన వసిష్ఠునికి వినబడిన శిశుధ్వని వంటిదే ఇది. గడప దగ్గర తొందర లేదు. పొయ్యి వెలిగించుకునే శక్తి వారికి ఉండదు కనుక అన్నం బయటి నుండి రావాలి. ఇంత కరుణ నిండిన ప్రకరణం నుండి ఒక్క పాదాన్ని పెకలించి, దానిని తల్లి గుండెపై రాయిలా పెట్టినవాడు శాస్త్రజ్ఞుడు కాడు, శాస్త్రచోరుడు.

అశౌచదినాలలో నిత్యదేవతార్చనను శాస్త్రమే నిలిపివేసింది. సంధ్యావందనం సైతం మానసికంగా జరిపితే చాలునన్నారు. అంటే దుఃఖంలో మునిగినవానిని పరమేశ్వరుడు స్వయంగా సేవావిధి నుండి కొంతకాలం విడిచిపెట్టాడన్నమాట. పది దినాలు నిత్యవిధి, ఆపై ఏకోద్దిష్టం, సపిండీకరణం, ఏడాది పొడవునా మాసికాలు, ఏటేటా ఆబ్దికం. స్మరణకు ఇంత దీర్ఘకాలాన్ని కేటాయించిన ధర్మం, మరచిపోవడానికి మూడు రోజుల గడువు పెడుతుందా?

ఆ ఇంటి పెద్దకుమారుడు అమెరికాలో ఉద్యోగి. విమానం దొరకక తమ్ముని దహనాన్ని ఫోను తెరపై చూశాడు. "తోడబుట్టినవాడి కడసారి చూపుకు నోచుకోని సంపాదన ఎందుకు?" అని అతని చెవిన పడేట్లు అన్నవారున్నారు. దూరదేశంలోని మరణవార్త ఆలస్యంగా విన్నవారికి మనుస్మృతి అయిదవ అధ్యాయం సుస్పష్టంగా విధి చెప్పింది. పదిదినాల లోపు వింటే మిగిలిన దినాలు, దాటిన తరువాత వింటే మూడు రాత్రులు ఆశౌచం. దూరాన ఉండటాన్ని శాస్త్రం ముందే ఊహించి మార్గం చూపింది, నింద వేయలేదు. నింద వేసినది మనుష్యుల నాలుక.

భయాన్ని అమ్ముకునే వైదికం

నాల్గవ వాక్యం అన్నిటికంటె ఘోరమైనది. మిగిలిన మూడూ అవివేకం నుండి పుట్టి ఉండవచ్చు. ఇది లోభం నుండి పుట్టినది. దుర్మరణాలకు నారాయణబలి వంటి విశేషకర్మలను శాస్త్రం విధించిన మాట వాస్తవం. విధించినచోట వాటిని శ్రద్ధతో, నిరాడంబరంగా జరపాలి. కానీ కొడుకు చితి ఆరకముందే "రెండవవాడికీ ప్రమాదం" అని తల్లిని బెదిరించి, శాంతికి ఇంత, దానాలకు ఇంత అని పట్టీ వ్రాసి ఇవ్వడం ఏ సూత్రంలో ఉన్నది? పౌరోహిత్యవృత్తిలో ఉన్నవారే కొందరు ఈ పని చేస్తున్నారన్నది దాచడానికి వీలులేని సిగ్గుచేటు. యథాశక్తి అన్న ఒక్క మాటతో యాజ్ఞవల్క్యుడు ఈ వ్యాపారం మొత్తాన్నీ కొట్టివేశాడు.

చిత్రకూటంలో భరతుని ముఖతః తండ్రి మరణవార్త విన్న శ్రీరాముడు మూర్ఛిల్లాడు. తేరుకుని విలపించాడు. మందాకినిలో దిగి తిలోదకమిచ్చాడు. కోసల చక్రవర్తికి జ్యేష్ఠకుమారుడు ఏ పిండం పెట్టాడు? రేగుపండ్లు కలిపిన గారపిండి ముద్దను దర్భలపై ఉంచాడు. మేము తినేది ఇదే, దీనినే స్వీకరించమని తండ్రిని ప్రార్థించాడు. వనవాసికి ఉన్నది అంతే, ఇచ్చినది అంతే. దశరథుని తృప్తికి అది చాలింది. మర్యాదాపురుషోత్తముని పిండానికి లేని లోటు, అప్పుచేసి శాంతి చేయించలేని గృహస్థుని పిండానికి ఎందుకు ఉంటుంది?

దీపం వెలిగించనివారిలో భక్తి ఉన్నదా?

ఇక ఊరి ఆక్షేపణకు సమాధానం. దేవునిపై అలిగినవారు, దేవుణ్ణి ప్రశ్నించినవారు భక్తులు కారా? మొసలి పట్టులో బలమంతా ఉడిగిన గజేంద్రుడు, పోతన భాగవతంలో, ఉన్నాడంటున్న ఆ దేవుడు నిజంగా ఉన్నాడా అని సంశయించాడు. ప్రార్థన మధ్యలో వచ్చిన ఆ సంశయం వైకుంఠవాసిని ఆపలేదు. ఆయన శంఖచక్రాలనైనా ధరించకుండా, లక్ష్మికైనా చెప్పకుండా బయలుదేరాడు. భద్రాద్రి ఆలయం కట్టించిన కంచర్ల గోపన్న గోలకొండ చెరసాలలో దెబ్బలు తింటూ, ఏ నగకు ఎంత వ్యయమైనదో శ్రీరామునికే లెక్క అప్పజెప్పాడు. తండ్రులనూ తాతలనూ తవ్వి నిందించాడు. బాధకు ఓర్వలేక తిట్టానని మళ్లీ తానే విన్నవించుకున్నాడు. ఆ నిందలను నేడు మంగళహారతుల ప్రక్కన కూర్చుని పాడుకుంటున్నాము. లేనివానితో ఎవరూ తగవు పడరు. దేవునిపై కోపించినవాడు దేవుని ఎదుటనే నిలిచి ఉన్నాడు.

ధర్మలక్షణాలు పదింటిని చెబుతూ మనువు ధృతిని మొదట పేర్కొన్నాడు. ధృతి అంటే కన్నీరు రాకపోవడమని చాలామంది భావిస్తున్నారు. అది పొరపాటు. ధరించడం, భరించడం, పట్టుకుని నిలవడం ధృతి. రాతికి కన్నీరు రాదు, కానీ రాతిని ధృతిమంతమని ఎవరూ అనరు. పగిలిపోతూ కూడా తరువాతి కర్తవ్యం ఒక్కదానిని చేతబట్టుకున్నవాడు ధృతిమంతుడు. నూరుగురిని పోగొట్టుకున్న వసిష్ఠుడు ఆశ్రమం వైపు వేసిన మొదటి అడుగు ధృతి. కన్నీటితో మందాకినిలో దిగి రాముడు విడిచిన దోసెడు నీరు ధృతి. అది ఒకరు బోధిస్తే వచ్చేది కాదు. ప్రక్కన ఒకరు నిలిస్తే, కాలం తోడైతే, లోపలి నుండి మెల్లగా లేస్తుంది. విశ్వాసం కూడా అలాగే లేస్తుంది.

కనుక మరణగృహానికి వెళ్లేవారు గ్రహించవలసినది స్వల్పం. కారణాలు వెదకరాదు. తత్త్వం అడగనిదే చెప్పరాదు. వెళ్లేటప్పుడు అన్నం తీసుకుపోవాలి. వారు మరణించినవాని గురించి మాట్లాడదలిస్తే వినాలి, మౌనంగా ఉంటే మౌనంగా ఉండాలి. పదమూడవ రోజు తరువాత కూడా, అందరూ మానుకున్నాక, మళ్లీ ఒకసారి వెళ్లాలి.

ఆ తల్లి కథ అక్కడితో ముగియలేదు. కార్తికమాసం వచ్చింది. ప్రక్కింటి వృద్ధురాలికి మోకాళ్లు పట్టివేసి తులసికోట ముందు వంగలేకపోయింది. గోడ అవతలి నుండి, "అమ్మా, ఈ వత్తి కాస్త వెలిగించి పోతావా?" అని పిలిచింది. ఈమె వెళ్లి వెలిగించింది. మరునాడూ వెళ్లింది. మాసాంతంలో ఒక సాయంకాలం తన ఇంటి దేవుని గది తలుపు తీసి, కుమారుని చిత్రపటం ఎదురుగా కూర్చుని చాలాసేపు ఏడ్చి, దీపం పెట్టింది. అన్నం తెచ్చిన ఆ వృద్ధురాలికి యాజ్ఞవల్క్యస్మృతి పేరైనా తెలియదు. స్మృతిని ఉదాహరించిన పెద్దలు దానిని ఉల్లంఘించి వెళ్లారు, చదవని ఆమె దానిని అక్షరాలా ఆచరించింది.

ఇప్పుడు ఊరిలో, "చూశారా, మేము చెప్పిన మాటలతో ఆమెకు మళ్లీ ధైర్యం వచ్చింది" అని ఆ నలుగురూ చెప్పుకుంటున్నారు.

స్వస్తి.